నిప్పును తట్టుకునే చెట్ల పటానికి ఏది మేలు: పాత సర్వే రికార్డులా, ఉపగ్రహ సమాచారమా?

విశాఖపట్నం మన్యంలో మద్ది, తునికి వంటి నిప్పును తట్టుకునే చెట్లు వందేళ్ల కిందట ఎక్కడెక్కడ ఉండేవో పటం గీయాలనుకునేవారు చాలావరకు ముందుగా ఉపగ్రహ సమాచారాన్నే తెరుస్తారు. ఆ పనికి పాత సర్వే రికార్డులే మేలని నా అభిప్రాయం.

మంటలను పసిగట్టే ఉపగ్రహ సమాచారం మంటను చూపుతుంది కానీ చెట్టు జాతిని చెప్పదు. 2000 నుంచి మోడిస్ అనే ఉపగ్రహ పరికరం సుమారు కిలోమీటరు గళ్లలోనూ, 2012 నుంచి విర్స్ అనే పరికరం 375 మీటర్ల గళ్లలోనూ వేడిని నమోదు చేస్తున్నాయి. తునికాకు చిగురు కోసం నేల మీద పెట్టే చిన్న మంట, ఉపగ్రహం దాటే వేళకు ఆరిపోతే, అందులో కనబడకపోవచ్చు. పోడు కోసం నరికి కాల్చిన కొండవాలు మాత్రం స్పష్టంగా పడుతుంది. అందువల్ల నేటి మంటల పటాన్ని నాటి అడవి పటమనుకోవడం పొరపాటు.

పాత రికార్డుల బలం అమెరికాలో రుజువైంది. అక్కడి సర్వేయర్లు హద్దు మూలల దగ్గరి చెట్లకు గాటు పెట్టి, వాటిని సాక్షులుగా రాసుకున్నారు. 1785 చట్టంతో మొదలై, భూమిని చదరపు గళ్లుగా విభజించిన ప్రభుత్వ సర్వేలోనైతే జాతి, మాను మందం, దిక్కుతో పాటు 66 అడుగుల గొలుసు లెక్కన దూరం కూడా ఉంటుంది. గొలుసులో నూరో వంతైన లింకుల్లో కొలిచే ఆ పద్ధతి మన సర్వేయర్లకూ తెలిసినదే. వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలోని మొనోంగహేలా అడవిలో అటువంటి చదరపు గళ్లు లేవు. వంకర టింకర భూముల దస్తావేజులే ఉన్నాయి. అయినా పరిశోధకులు వాటిలోని సాక్షి చెట్లను నిప్పుకు అలవాటుపడ్డ ఓక్, పైన్ వంటివిగా, నిప్పును సహించని బీచ్, మేపుల్ వంటివిగా విడదీసి, మొదటి రకం శాతాన్ని బట్టి పటం గీశారు. జమీందారీల హద్దులు ఎగుడుదిగుడుగా సాగిన మన మన్యానికి ఈ ఉదాహరణే ఎక్కువ దగ్గర.

మన దగ్గర 1882 మద్రాసు అటవీ చట్టం కింద రిజర్వు అడవులకు రాసిన హద్దుల వివరాలను ముందు చూడాలి. వాటిలో చెట్టు పేరు ఉన్న ప్రతి చోటునూ ఒక బిందువుగా తీసుకోవచ్చు. అయితే ఇక్కడ జాగ్రత్త అవసరం. పగుళ్ల బెరడుతో మంటను ఓర్చుకునే నల్లమద్ది పొడి వాలుల చెట్టు. తెల్లమద్ది వాగుల ఒడ్డున పెరుగుతుంది. రికార్డులో ఉత్త "మద్ది" అనే ఉంటే, ఆ బిందువు పక్కన వాగు ఉందేమో పాత టోపో షీటులో (కొండలు, వాగులు చూపే సర్వే పటంలో) చూసి, తేలకపోతే లెక్కలోంచి తీసేయాలి. సర్వేయరు సాధారణంగా నిలిచే చెట్టునే హద్దుకు ఎంచుకుంటాడు కాబట్టి, కాలిన తరువాత వేళ్ల నుంచి గుంపుగా పిలకలు వేసే తునికి ఈ రికార్డుల్లో ఉండాల్సినదానికంటే తక్కువగా కనబడవచ్చు.

ఉపగ్రహ సమాచారానికి రెండో స్థానమే ఇస్తాను: పాత బిందువుల చుట్టూ ఇప్పటికీ మంటలు వస్తున్నాయా లేదా అని సరిచూసుకోవడానికి. రికార్డు దొరకని కొండలను ఆ సమాచారంతో నింపకుండా పటంలో ఖాళీగానే వదలాలి.