ఆరంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: మా బడి డాబా మీద ఏడాది

మాది ప్రకాశం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. నేను భౌతికశాస్త్రం చెబుతాను. ఈ టెలిస్కోపును ఏడాదిపాటు వాడి, వందలమందికి ఆకాశం చూపించిన తర్వాత ఇది రాస్తున్నాను.

దీనికి ముందు కొన్న టెలిస్కోపు పెట్టె మీద ‘525 రెట్లు’ అని పెద్ద అక్షరాలతో ఉంది. కటకం వ్యాసం చూస్తే 60 మిల్లీమీటర్లు. అంత చిన్న కటకంతో 120 రెట్లు దాటాక మిగిలేది మసకే. పిల్లవాడు కన్ను ఆనించగానే ముక్కాలి స్టాండు వణికేది, చందమామ పక్కకు జారిపోయేది. ఆ రాత్రి వరుసలో నిలబడ్డ నలభైమందిలో చాలామంది ఏమీ చూడకుండానే ‘కనిపించింది టీచర్’ అని తప్పుకున్నారు. నన్ను నొప్పించకూడదని చెప్పిన ఆ అబద్ధం నాకు నిద్ర పట్టనివ్వలేదు.

అందుకే కిందటి వేసవిలో ఆరంగుళాల డాబ్సోనియన్ కొన్నాను. నలభై వేలకు కొంచెం తక్కువ పడింది. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం (అద్దం నుంచి కిరణాలు కలిసే చోటికి దూరం) 1200. 25 మిల్లీమీటర్ల ఐపీస్ (కన్ను ఆనించే చిన్న కటకం) పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు. పదో తరగతివాళ్లే భాగించి చెప్పారు. పుటాకార దర్పణం పాఠాన్ని ఈ గొట్టంలోకి తొంగిచూస్తూ చెప్పాక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

దీనికి స్టాండు లేదు. లావుపాటి గొట్టం, కింద గుండ్రంగా తిరిగే చెక్క పీట, అంతే. వేలితో తోస్తే కదులుతుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. ఈ అమరికను వ్యాప్తిలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ ఇరవై ఏళ్లకు పైగా రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్యాసిగా ఉన్నారు. బయటికి వచ్చాక, 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకొందరితో కలిసి, కాలిబాట మీద టెలిస్కోపు పెట్టి దారినపోయేవాళ్లకు ఆకాశం చూపించే సంఘం మొదలుపెట్టారు. పదిమందీ ముట్టుకోవాలనే చేసిన పరికరమిది. మా ఆరో తరగతి పిల్లలు దీన్ని నాకన్నా నేర్పుగా తిప్పుతారు.

గురుగ్రహాన్ని 120 రెట్లతో చూస్తే ఒకటిన్నర నిమిషంలో అంచుకు జరిగి మాయమవుతుంది. దానంతట అదే వెంబడించే మోటారు ఇందులో లేదు. కొందరు దీన్ని లోపమంటారు. నేను ఒప్పుకోను. ‘టీచర్, పారిపోతోంది’ అని ఒకమ్మాయి అరిచింది. పారిపోతున్నది గురుడు కాదని, మన డాబాతో సహా భూమి తిరుగుతోందని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు.

నవంబరులో శనిని చూపించినప్పుడు మాత్రం పిల్లలు కాస్త చిన్నబుచ్చుకున్నారు. పుస్తకంలో వెడల్పుగా ఉన్న వలయం ఇక్కడ సన్నని గీతలా ఉంది. 2025 మార్చిలో వలయాలు అంచుగా మనవైపు తిరిగాయి, ఇక ఏటేటా కొంచెం కొంచెంగా మళ్లీ విచ్చుకుంటాయి. కొనేవాళ్లు ఇది తెలుసుకుని కొనండి. చంద్రుడి కోసమైతే పున్నమికి కాదు, అష్టమికి పిలవండి. వెలుగునీడల సరిహద్దులోనే గుంతలు లోతుగా తెలుస్తాయి.

లోపాలు ఉన్నాయి. సూచనల పుస్తకంలో తెలుగు ముక్క లేదు. గురి చూసే ఎర్రచుక్క పరికరాన్ని ఆపడం మరిచిపోతే తెల్లారేసరికి బ్యాటరీ అయిపోతుంది. మేడ మెట్లెక్కించాలంటే ఇద్దరు కావాలి. మోటారు లేదు కాబట్టి నీహారికల ఫొటోలు కావాలనుకునేవాళ్లకు పనికిరాదు. ఒక్కటి గట్టిగా చెబుతున్నాను: గొట్టం ముందు సరైన సౌర ఫిల్టరు లేకుండా సూర్యుడివైపు తిప్పితే క్షణంలో కన్ను పోతుంది. పగలు మా టెలిస్కోపు తాళం వేసిన గదిలోనే ఉంటుంది.

మొన్న మార్చిలో ఊరివాళ్లనూ పిలిచాం. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వాళ్ల నాయనమ్మను చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు. సప్తర్షి మండలం ఈశాన్యాన పైకొచ్చింది. 48 రెట్లలో వశిష్ఠుడు, అరుంధతి ఒకే చూపులో పట్టారు. మామూలు కంటికి ఒక్కటిగా కనిపించే వశిష్ఠుడు దీనిలో రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. ఆ రెండింటిలో ఒక్కొక్కటీ మళ్లీ జంటేనని వర్ణపటాలు చెప్పాయి. ఆమె స్టూలు మీద కూర్చుని చాలాసేపు కన్ను తీయలేదు.

‘మా పెళ్లిలో పట్టపగలు చూపించారు టీచరమ్మా. కనిపించిందా అంటే కనిపించిందన్నాను’ అంది.

ఆ వెలుగు బయలుదేరి ఎనభై ఏళ్లు అయ్యుంటుందని నేను చెబితే, మనవడు వెంటనే ‘నాయనమ్మా, నీకెన్నేళ్లు?’ అని అడిగాడు. తుఫాను ఏడాది పుట్టానని మాత్రమే ఆమెకు తెలుసు. ఏ తుఫానో కనుక్కుంటానని వాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆమె మళ్లీ ఐపీస్‌కు కన్ను ఆనించింది. అప్పటికి అరుంధతి అంచు దాటిపోయింది. గొట్టాన్ని ఎటు తోయాలో ఆమెకు వాడే చూపించాడు.