తెర కింది లైట్ సెన్సర్: చెరువు గట్టు మీద వాడి చూశాక

చుట్టూ ఉన్న వెలుతురును కొలిచి, తెర వెలుగు దానంతటదే సర్దుకునేలా చేసేది లైట్ సెన్సర్. నా పాత ఫోన్‌లో అది ఇయర్‌పీస్ పక్కన ఉండేది. ఇప్పటి ఫోన్‌లో అమోలెడ్ (పిక్సెళ్లే స్వయంగా వెలిగే) తెర కిందికి వెళ్లిపోయింది. పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువుల పని కాబట్టి ఎండలోనూ, అర్ధరాత్రి చీకట్లోనూ ఫోన్ తీయక తప్పదు. రెండూ ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నాను, బయట తిరిగేవాళ్లకు పాత పద్ధతే మేలు.

బియ్యపు గింజంత ఉండే ఈ సెన్సర్‌కి పని తక్కువేం కాదు. పున్నమి వెన్నెల ఒక్క లక్స్ (వెలుతురు కొలత) కూడా ఉండదు, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా పోతుంది. రెండింటినీ అదే కొలవాలి. తెర కింద పెడితే పిక్సెళ్ల సందుల్లోంచి దిగే కాస్త వెలుతురే దానికి దిక్కు. పైగా తెర సొంత వెలుగు కూడా దాని మీదే పడుతుంది. ఆ వాటాను సాఫ్ట్‌వేర్ లెక్కకట్టి తీసేస్తుంది గానీ, చీకట్లో ఆ లెక్క తప్పుతుంటుంది. రాత్రి గట్టు మీద తెల్లటి పేజీ తెరిస్తే నా ఫోన్ వెలుగు కాసేపు పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. పాతదానికి ఈ గొడవ లేదు.

రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే పైకి తీసేటప్పుడు నెత్తిన హెడ్‌లైట్ ఉంటే మాత్రం రెండూ ఒకటే. తల వంచగానే ఆ వెలుగు సెన్సర్ మీద పడి తెర భగ్గుమంటుంది, కళ్లు జిగేల్‌మంటాయి. అందులో సెన్సర్ తప్పేం లేదు, పడిన వెలుగునే అది చెబుతోంది. రాత్రి డ్యూటీలో ఆటో బ్రైట్‌నెస్ ఆపేయడమే సుఖం.

కొబ్బరి తోటల్లో నీడా ఎండా మారుతుంటే కొత్తదే నయం. వెలుగు పెంచడానికి తొందరపడుతుంది గానీ తగ్గించడానికి నిదానిస్తుంది, కాబట్టి చదువుతున్నది మధ్యలో మసకబారదు.

మే నెలలో నరసాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటుతుంటే తెర ఉన్నట్టుండి మసకైపోయింది. సెన్సర్ పోయిందేమోనని టెన్షన్. సెన్సర్ కొలత చూపించే యాప్‌లో చూస్తే లక్స్ అంకె బాగా ఎక్కువే చూపిస్తోంది. అసలు సంగతి వేడి. ఫోన్ బాగా కాగితే తనను తాను కాపాడుకోడానికి తెర వెలుగు తగ్గించేస్తుంది. నీడకు తెచ్చి కాసేపు ఉంచితే మామూలైంది. చాలా శాంసంగ్ ఫోన్లలో *#0*# డయల్ చేస్తే వచ్చే పరీక్ష పేజీలోనూ ఈ అంకె కనిపిస్తుంది.

టెంపర్డ్ గ్లాస్ విషయంలో జాగ్రత్త. భీమవరంలో ఒక షాపులో పాత ఫోన్‌కి వేసిన గ్లాసు నల్ల అంచు సెన్సర్‌ని సగం కప్పేసింది. పట్టపగలు తెర కనపడక చచ్చాను. గ్లాసు పీకేయగానే సరిపోయింది.

ఇంకొకటి, 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్ మన సర్దుబాట్లు చూసి మన ఇష్టం నేర్చుకుంటుంది. మా నాన్నగారికి వెలుగు ఎప్పుడూ ఫుల్లుగా ఉండాలి, నాకేమో తక్కువ కావాలి. ఒకే ఫోన్ ఇద్దరం పట్టుకుంటే పాపం అది ఎవరి మాట వినాలి? సెట్టింగ్స్‌లో ఆ నేర్చుకున్నదాన్ని చెరిపేసే వీలుంది.

చవక ఫోన్లు కొన్నింటిలో విడిగా సెన్సరే ఉండదు, ముందు కెమెరాతో ఊహిస్తాయి. కొనేముందు షాపులోనే ఆటో ఆన్ చేసి, ఎండలోకి ఒకసారి, లోపలి మూలకు ఒకసారి తీసుకెళ్లి చూడండి. పది సెకన్లు ఆగినా వెలుగు మారకపోతే వేరే ఫోన్ అడగండి.