రూగర్ మార్క్ 4 టార్గెట్: ఉడుతల వేటకూ, సరదా షూటింగుకూ

అమెరికాలో పాయింట్ 22 (0.22 అంగుళాల తూటా) పిస్టల్ కొనేవారికి మా మొదటి ఎంపిక ఇదే. 5.5 అంగుళాల బరువైన బ్యారెల్, 10 తూటాల మ్యాగజైన్. బరువు కిలో పైనే. నడుముకు భారమైనా గురి కదలదు.

దీని అసలు గొప్పతనం శుభ్రం చేయడంలో ఉంది. దీని ముందు మోడల్ మార్క్ 3 విప్పి బిగించడం పెద్ద యాతన. ఇందులో మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లారా చూసి, సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేసి వెనక బటన్ నొక్కితే పైభాగం ఊడి వస్తుంది. రిమ్‌ఫైర్ (అడుగు అంచు మీద దెబ్బ తగిలితే పేలే) తూటాల మైనం, సీసం, మసి చాంబర్‌లో త్వరగా పేరుకుంటాయి; తూటా పూర్తిగా కూర్చోక పేలదు. బోల్టు (చాంబర్‌ను వెనక నుంచి మూసే భాగం) తిరిగి పెట్టేటప్పుడు, ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టే సూది) మరీ ముందుకు పోకుండా ఆపే స్టాప్ మరిచిపోతే ఖాళీగా ట్రిగ్గర్ నొక్కినప్పుడు పిన్ చాంబర్ అంచును దెబ్బతీస్తుంది.

2017 జూన్‌కు ముందు తయారైనవాటిని సేఫ్టీ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచింది. సెకండ్‌హ్యాండ్‌లో కొంటే సీరియల్ నంబరు సరిచూసుకోవాల్సిందే.

తూటాల రకాలు నాలుగైదు పరీక్షించి, బాగా గుంపుగా తగిలేదే వాడండి. సబ్‌సోనిక్ (ధ్వని కంటే నెమ్మదిగా పోయే) తూటాలకు బోల్టు పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. ఉడుతకైనా కుందేలుకైనా 25 గజాల లోపే, తలకే గురి. చెట్టు మీది ఉడుతను ఆకాశం వెనకుండగా కాల్చవద్దు. ఈ చిన్న తూటా మైలు దాటి పోగలదు. పిస్టల్‌తో వేటకు ప్రతి రాష్ట్రానికీ వేరే నిబంధనలున్నాయి.