గడ్డకట్టే చలిలో సాఫ్ ఇంధనం: నా రివ్యూ
సాఫ్ (SAF, అంటే సుస్థిర విమాన ఇంధనం), అదీ వాడేసిన వంటనూనెతో చేసినది అనగానే చలికి నెయ్యిలా పేరుకుపోతుందేమోనని టెన్షన్ పడ్డాను. అలా ఏం కాలేదు. సగం హెఫా (ఆ నూనెని హైడ్రోజన్‌తో మార్చి చేసే సాఫ్ రకం), సగం జెట్ ఎ-1 (విమానాల్లో వాడే మామూలు కిరోసిన్) కలిపిన శాంపిల్‌ని గాజు గొట్టంలో పోసి -40 డిగ్రీల దాకా చల్లబరిస్తే కాస్త చిక్కబడింది తప్ప ఒక్క స్ఫటికం కూడా కనపడలేదు. కిటుకంతా ఐసోమరైజేషన్‌లోనే ఉంది, తిన్నగా పొడుగ్గా ఉండే అణువుల గొలుసులకు కొమ్మలు వేయిస్తారు కాబట్టి అవి ఒకదానిపక్కన ఒకటి సర్దుకుని త్వరగా గడ్డకట్టలేవు. తేమ గొడవ మాత్రం మామూలే, ఇంధనంలో కరిగిన నీరు చలికి విడిపోయి మంచు రవ్వలవుతుంది (2008లో హీత్రో రన్‌వేకి ముందే బోయింగ్ 777 నేలను తాకింది ఈ మంచు వల్లే, అదీ మామూలు కిరోసిన్‌తోనే). నాకు నచ్చనిది సీళ్ల సంగతి: ఆరోమాటిక్స్ (మామూలు ఇంధనంలో ఉండే, సీళ్లను ఉబ్బించి ఉంచే వలయాకార అణువులు) దాదాపు లేని శుద్ధ హెఫా తగిలితే పాత రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి కారొచ్చు, అందుకే మిశ్రమంలో ఆరోమాటిక్స్ కనీసం 8 శాతం ఉండాలన్నారు.