ధరల పుస్తకం: మూడున్నరేళ్లు వాడాక

ఇది షాపులో రెడీమేడ్‌గా దొరికే వస్తువు కాదు. దొరికేది పుస్తకం ఒక్కటే. గట్టి అట్ట, హ్యాండ్‌బ్యాగ్ పక్క జేబులో పట్టే సైజు, నేను కొన్నప్పుడు పాతిక రూపాయలు. అందులో రాసేవి రెండే. ముందు నుంచి, ఇంట్లోకి మామూలుగా కొనే సరుకుల రేట్లు: ఏ తేదీన, ఎంత బరువుకి, ఎంత ఇచ్చాం అని. వెనక నుంచి, కొనాలనిపించి కొనకుండా వచ్చేసినవి. 2022 ఆగస్టులో మొదలుపెట్టాను, ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది.

మొదలుపెట్టించింది ఒక చీర. ఆ ఏడాది ఆషాఢం తగ్గింపుల్లో, ఇక్కడే శ్రీకాకుళంలో ఒక బట్టల షాపులో, చీటీ మీద 2,500 కొట్టేసి కింద 1,250 అని ఎర్ర అక్షరాలతో ఉంది. సగానికి సగం! నాకొకటి, మా ఆడపడుచుకొకటి తీసుకున్నాను. శ్రావణ శుక్రవారం పేరంటానికి కట్టుకెళ్తే, మా స్కూల్లో పనిచేసే టీచరమ్మ అంచు పట్టుకుని చూసి, "ఇదే చీర మా అమ్మాయికి మే నెలలో తీశాను, 1,180" అన్నారు. షాపు కూడా అదే. నాకు షాపు మీద కన్నా నా మీదే ఎక్కువ ఒళ్లు మండింది. ఆ 2,500 అన్న అంకెని నేను ఆ చీటీ మీద తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఎవరూ ఎప్పుడూ కట్టని రేటు నుంచి నేను తగ్గింపు లెక్కేసుకుని సంబరపడ్డాను.

కిరాణాలో జరిగేదీ ఇదే, కాకపోతే చిల్లరలో జరుగుతుంది. ఎం.ఆర్.పి. అంటే అంతకు మించి అమ్మకూడదని మాత్రమే. సరుకు విలువ అంత అని ఎక్కడా లేదు. కాబట్టి "ఎం.ఆర్.పి. మీద 30 శాతం తగ్గింపు" అన్న బోర్డు పెద్దగా ఏమీ చెప్పదు. పోయిన నెల నేను ఎంతకి కొన్నానో తెలిస్తే చెబుతుంది.

నూనె ప్యాకెట్లు చూడండి. రెండూ ఒకే ఎత్తు, ఒకే బొమ్మ. ఒకటి 136 రూపాయలు, పక్కది 141. చెయ్యి దానంతటదే 136 వైపు పోతుంది. వెనక్కి తిప్పితే మొదటి దాంట్లో 850 గ్రాములు, రెండో దాంట్లో 910. అంటే వంద గ్రాములు ఒకటి 16 రూపాయలు పడితే, రెండోది పదిహేనున్నర లోపే. చవకగా కనిపించిందే ఖరీదు. లీటరు నూనె బరువు సుమారు 910 గ్రాములని మన చెయ్యి అలవాటుపడిపోయింది, తగ్గిన 60 గ్రాములు చెయ్యికి తెలియవు. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకింత, కిలోకింత అని కూడా వేస్తున్నారు. మంచిదే. కాకపోతే కిలో లోపు ప్యాకెట్‌కి గ్రాము లెక్క, కిలో దాటిన దానికి కిలో లెక్క. పైగా ఆ అక్షరాలు చదవాలంటే నా కళ్లజోడు చాలదు, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకోవాలి. అందుకే పుస్తకంలో అన్నీ వంద గ్రాముల లెక్కకే రాసుకుంటాను.

మొదట్లో సిగ్గేసింది, దాచేదేముంది. ఏడు రోడ్ల కూడలి దగ్గర మేం ఎప్పుడూ సరుకులు తెచ్చుకునే కొట్టాయన, నేను పప్పు బస్తాల ముందు నిలబడి రాస్తుంటే రెండు వారాలు ఊరుకుని, మూడో వారం "ఏటి మేడమ్, తూనికలు కొలతలోళ్ల కాడ చేరిపోనారా?" అన్నాడు. ఇంట్లో అత్తయ్య ఇంకో మాట: "కొట్టుకెల్లినా పరీక్షేనేటమ్మా!" ఆరు నెలలు గడిచాక కందిపప్పు రేటు మీద వాదన వస్తే ఆ కొట్టాయనే, "మేడమ్ గారి బుక్కులో సూడండి" అన్నాడు. అప్పటి నుంచి నాకు లెక్క చెప్పే ముందు ఒకసారి ఆలోచించుకుంటున్నాడని నా అనుమానం.

పుస్తకం బాగా పనికొచ్చింది 2025 సెప్టెంబరు 22 తర్వాత. ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది కదా. పన్ను 13 శాతం తగ్గింది కాబట్టి రేటూ 13 శాతం తగ్గుతుందని మా స్టాఫ్‌రూమ్‌లో సగం మంది అనుకున్నారు. అలా కాదు. పన్ను వేసేది అసలు ధర మీద, పన్ను కలిపిన రేటు మీద కాదు. పన్నుతో కలిపి వంద రూపాయలున్న సబ్బు 89 దగ్గరికి రావాలి. ఒక షాపులో దసరా దగ్గరపడినా పాత రేటే వేస్తున్నారు. పుస్తకం తీసి పాత రేటు చూపించి, లెక్క చెప్పి అడిగాను. పోట్లాట లేదు, "పాత స్టాకండీ" అంటూనే బిల్లు మార్చారు. ఆ వారమంతా రెండు పేజీలు కొట్టేసి మళ్లీ రాసుకోవాల్సి వచ్చిందనుకోండి.

కూరగాయలకి, చేపలకి మాత్రం ఈ పుస్తకం దండగ. రైతుబజారులో రేట్ల బోర్డు ఎలాగూ ఉంటుంది, పొద్దున రేటు మర్నాడు ఉండదు. మొదటి పుస్తకంలో టమాటాలకి నాలుగు పేజీలు వృథా చేశాను.

వెనక పేజీల సంగతి. నియమం ఒక్కటే: అయిదు వందలు దాటినదేదైనా, ఇంట్లో అయిపోయిన సరుకు కాకపోతే, తేదీ వేసి రాసి నెల రోజులు ఆగడం. రెండో పుస్తకంలో 41 రాశాను. అందులో 26 కొట్టేసి ఉన్నాయి. నూనె లేకుండా వేయించే పొయ్యి, గోడకి తగిలించే ఇస్త్రీ బల్ల, ముగ్గురి ఇంటికి పన్నెండు గ్లాసుల సెట్టు. ఇప్పుడు చదివితే ఎవరో వేరే మనిషి రాసినట్టుంది. ఒక మంచి కూడా జరిగింది. నాన్నకి పొందూరు ఖద్దరు పంచె వేసవిలో రాసుకున్నాను, నెల దాటినా మనసు మారలేదు. ఎలాగూ ఆగాను కదా అని ఇంకొన్నాళ్లు ఆగి, గాంధీ జయంతి రిబేటులో తీసుకున్నాను. అది నిజం తగ్గింపు, వేసవిలో అడిగిన రేటు నా పేజీలోనే ఉంది.

ఇక పుస్తకం ఓడిపోయేది రాత్రి పదిన్నర తర్వాత. బ్యాగు హాల్లో ఉంటుంది, ఫోను చేతిలో ఉంటుంది. ఒకసారి ఒక యాప్‌లో 462 రూపాయల సరుకులు తీసుకున్నాను. 599 దాటితే డెలివరీ ఉచితం, లేకపోతే 40. ఆ నలభై మిగుల్చుకుందామని 149 పెట్టి జడ క్లిప్పులు కొన్నాను. మా ఇంట్లో జడ నాది ఒక్కదానిదే, అదీ ఎంతో లేదు. ఇంకో యాప్ బిల్లులో నేను అడగని రెండు రూపాయల విరాళం దానంతటదే వచ్చి చేరింది. ఇలా చెప్పకుండా బుట్టలో వేయడం, "ఇంకా 4 నిమిషాలే" అని అబద్ధపు తొందర పెట్టడం, 2023 నవంబరులో కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాల్లోని 13 రకాల మోసపు డిజైన్లలో ఉన్నాయి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. రెండు రూపాయలకి ఎవరు చేస్తారు? నేనూ చేయలేదు. ఆ ధైర్యం మీదే వాళ్లు పెడతారు.

అందుకే నిరుడు ఒక మార్పు చేశాను. యాప్‌లలో దాచిన కార్డు తీసేశాను. నెల మొదట్లో నా సొంత ఖర్చుకి మూడు వేలు నోట్లుగా తెచ్చి ఈ పుస్తకం అట్టలోనే పెట్టుకుంటున్నాను. స్కాన్ చేసి కట్టిన 499 ఎటు పోయిందో తెలియదు. అయిదు వందల నోటు ఇచ్చి రూపాయి చిల్లర తీసుకున్నప్పుడు మాత్రం అది 499 కాదు, అయిదు వందలే అని తెలుస్తుంది. బాటా రేటు అని మా నాన్న వేళాకోళం చేసేవారు, అదే ఇది.

ఎంత మిగిలిందని అడుగుతారు. కిరాణాలో నెలకి ఆరేడు వందలు, అది నికరం. మిగతాది చెప్పలేను, కొననివాటికి బిల్లులు ఉండవు. మా ఆయన మాత్రం ఇప్పటికీ ఒక్క రేటు రాయరు. కానీ తను కొన్న రెండో హెడ్‌ఫోన్ గురించి ఎవరైనా అడిగితే "ఆవిడ పుస్తకంలో రాయకండి" అంటారు. అయిదుకి మూడున్నర మార్కులు వేస్తాను. ఒకటిన్నర రాత్రిపూట ఫోనుకి పోయింది.

ప్రస్తుతం వెనక పేజీలో ఆఖరిది మిక్సీ. పదకొండో తేదీన రాశాను, ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. పాతది తిరుగుతూనే ఉంది, పచ్చడి రుబ్బినప్పుడల్లా పక్కవాటా వాళ్లు కిటికీ వేసుకుంటున్నారు.