మందార పువ్వు దాటాక చెప్పేదెవరు: బడా, ఇల్లా?

పోయిన ఆగస్టులో ఒకరోజు మా పాప బడి నుంచి వస్తూనే గది తలుపు వేసి, బ్యాగులో పుస్తకాలన్నీ మంచం మీద కుమ్మరించి, అడుగు నుంచి ఒక చిన్న కాగితం సంచి తీసి నా చేతిలో పెట్టింది. లోపల రెండు ప్యాడ్లు, ఒక కరపత్రం. తనది ఆరో తరగతి. ఏదో కంపెనీ తరఫున ఒకావిడ వచ్చి ఆడపిల్లలందర్నీ హాల్లో కూర్చోబెట్టి నెలసరి గురించి చెప్పిందట. ఆ గంటసేపూ మగపిల్లల్ని ఫుట్‌బాల్ ఆడుకోమని గ్రౌండుకి తోలేశారట.

"బస్సులో సంచి లాక్కోబోయారమ్మా, చాక్లెట్లు ఇచ్చారనుకుని," అంది.

"మరి అన్నయ్య?"

"కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు."

మావాడు అదే బళ్ళో తొమ్మిదో తరగతి. ఆ సంచిలో ఏముందో వాడికి తెలుసు. వాడికి చెప్పింది నేనూ కాదు, బడీ కాదు.

మేముండేది బెంగళూరులో, హూడి దగ్గర. మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మనవాళ్ళే. సాయంత్రం కింద బెంచీల దగ్గర కూర్చుంటే శ్రీకాకుళం నుంచి కడప దాకా అన్ని యాసలూ వినిపిస్తాయి. మర్నాడు అక్కడ ఇదే చర్చ: పిల్లలకి లైంగిక విద్య బడి చెప్పాలా, ఇల్లు చెప్పాలా అని. ఒంగోలు వదినది ఒకటే మాట. "ఇవి ఇంట్లో తల్లి చెప్పాల్సినవి, బడికేం పని? మన అమ్మలు మనకి చెప్పలేదా?" అనంతపురం నుంచి కొత్తగా వచ్చినామె, "అంతంత ఫీజులు కడుతున్నాం కదక్కా, ఇదీ వాళ్ళే చెప్పాలి" అంది.

మన అమ్మలు చెప్పలేదా? మా అమ్మ చెప్పినవి మూడు ముక్కలు: ఆవకాయ జాడీ ముట్టుకోకు, దేవుడి గదిలోకి రాకు, ఇక మగపిల్లలతో ఆడకు. ఆ తర్వాత చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు, కార్డులు అచ్చేయించారు, తెనాలి నుంచి ఫోటోగ్రాఫర్‌ని పిలిపించారు, మూడొందల మందికి భోజనాలు పెట్టారు. నాకేమైందో ఊరందరికీ తెలిసింది, నాకు తప్ప. రక్తం ఎందుకొస్తుందో నేను తెలుసుకున్నది ఇంటర్లో బైపీసీ తీసుకున్నాక.

బడి సంగతి అంతకన్నా గొప్పగా ఏమీ లేదు. మావారు చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠానికి సారు మందార పువ్వులు తెప్పించి, బ్లేడుతో నిలువుగా కోయించి, కేసరాలు, కీలాగ్రం అంటూ నాలుగు రోజులు చెప్పారట. మనిషి దగ్గరికి వచ్చేసరికి, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి, రెండు మార్కులకి మించి రాదు" అని పేజీలు తిప్పేశారట. ఆ రెండు మార్కుల పేజీలు క్లాసులో అందరికన్నా శ్రద్ధగా చదివింది చివరి బెంచీ వాళ్ళని ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

అంటే మా తరంలో ఇల్లూ, బడీ రెండూ ఫెయిలే. ఇప్పుడు ఎవరు పాసవగలరన్నదే ప్రశ్న.

ఇల్లు గట్టిగా తడబడే చోటు ఒకటుంది. మాట. ఒంట్లో కింది భాగాలకి తెలుగులో మూడు రకాల మాటలున్నాయి. పసిపిల్లలతో అనే ముద్దు మాటలు, రోడ్డు మీద తిట్టుకునే మాటలు, పుస్తకంలో ఉండే శిశ్నం, యోని లాంటి సంస్కృతం మాటలు. అన్నం తింటూ మామూలుగా మాట్లాడుకోవడానికి పనికొచ్చే నాలుగో రకం లేదు. మావారు ఒక ఆదివారం కొడుకుతో మాట్లాడతానని తలుపేసుకుని కూర్చుని, "ఒరేయ్, వయసొచ్చాక ఒంట్లో కొన్ని..." దాకా వెళ్ళి, "స్కోరెంతరా?" అని లేచొచ్చారు. బెంగళూరు పిల్లలకి ఈ ఇబ్బంది తక్కువ. పీరియడ్స్, బ్రెస్ట్, పీనిస్ అన్న మాటలు మా పాపకి మోకాలు, మోచేయి లాంటివే. నిజం చెప్పాలంటే నాకూ తెలుగులో గొంతు దాటని మాట ఇంగ్లీషులో దాటుతుంది. సిగ్గంతా మాతృభాషలోనే ఉంటుంది కాబోలు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. మూడేళ్ళ పిల్లకి మనం "చిట్టి" అని ముద్దుగా నేర్పాం అనుకోండి. ప్లేస్కూల్లో ఆయమ్మకి కన్నడ తప్ప రాదు, టీచరుది కేరళ. పిల్ల ఏడుస్తూ "చిట్టి దగ్గర పట్టుకున్నాడు" అంటే వాళ్ళకి ఏం అర్థమవుతుంది? చిట్టి ఎవరో ఫ్రెండు అనుకుంటారు. పిల్ల చెప్పింది, ఎవరికీ వినపడలేదు. పరాయి ఊళ్ళో పిల్లల్ని పెంచేవాళ్ళు ఇదొక్కటి ఆలోచించినా చాలు, ముద్దు పేర్లు మానేస్తారు. పేర్లు నేర్పడం మాత్రం స్నానాల గది పని, మూడేళ్ళకే జరగాల్సిన పని. దానికి ఇల్లే సరైన చోటు. బడి వచ్చేదాకా ఆగితే ఆలస్యం.

ఇల్లు గెలిచే ఇంకో చోటు సమయం. మా పాప ఎనిమిదేళ్ళప్పుడు మందుల షాపు కౌంటరు మీద రంగురంగుల డబ్బాలు చూసి, "అమ్మా, ఆ స్ట్రాబెర్రీ చూయింగ్ గమ్ కొనవా?" అని గట్టిగా అడిగింది. షాపబ్బాయి బిల్లులోకి తల దూర్చేశాడు. "అది పెద్దవాళ్ళ మందు" అని లాక్కొచ్చేశాను. అడిగిన ప్రశ్నకి ఆ క్షణంలో, ఆ పిల్ల వయసుకి సరిపడా రెండు వాక్యాల్లో చెప్పగలిగేది ఇంట్లోవాళ్ళే. నలభై మంది ఉన్న క్లాసులో అది కుదరదు. నాకు ఆ అవకాశం చేతిదాకా వచ్చింది, జారవిడుచుకున్నాను. 2017 డిసెంబరులో కేంద్రం కండోమ్ ప్రకటనలు టీవీలో రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్యే వేయాలంది. మందుల షాపు కౌంటరుకి, ఫోనుకి అలాంటి టైమింగులు లేవు.

బడిది సరిగ్గా దీనికి తిరగేసిన జబ్బు. చెప్పేది వరసగా, తప్పుల్లేకుండా చెబుతుంది, కానీ ఆలస్యంగా. కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళ సైన్సులో కౌమారం పాఠం చాలా ఏళ్ళు ఎనిమిదో తరగతిలో ఉంది. గర్భనిరోధం, సుఖవ్యాధులు పదిలో. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగో తరగతిలోనే పెద్దమనిషి అయిన పిల్ల ఉంది. నాలుగేళ్ళు పోయాక వచ్చే పాఠం ఆ పిల్లకి చరిత్ర పాఠం. 2025 అక్టోబరులో సుప్రీం కోర్టు కూడా తొమ్మిదో తరగతి దాకా ఆగొద్దు, ఇంకా చిన్నప్పటి నుంచే చెప్పాలంది.

చెబితే పిల్లలు చెడిపోతారన్న భయం బెంచీల దగ్గరే కాదు, పార్లమెంటులోనూ ఉండేది. 2005లో కేంద్రం, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కలిసి కౌమార విద్యా కార్యక్రమం తెచ్చాయి. 2007కల్లా ఇదేం బూతు అని గొడవలై చాలా రాష్ట్రాలు ఆపేశాయి, కర్ణాటక కూడా. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ, బళ్ళలో లైంగిక విద్యకి మన సంస్కృతిలో చోటు లేదని, ఆ పాఠాలేవైనా ఉంటే ప్లస్ టూ జీవశాస్త్రంలో పెట్టుకోమని రాసింది. ఆ కమిటీకి అధ్యక్షులు మన నెల్లూరు జిల్లాకి చెందిన వెంకయ్యనాయుడు గారే. ఒంగోలు వదిన మాటకి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం దొరకదు. కానీ యునెస్కో 2018 మార్గదర్శకాలు ఎన్నో దేశాల అధ్యయనాలు చూసి, ఇలాంటి పాఠాల వల్ల పిల్లలు తొందరపడటం పెరగదనే చెప్పాయి. ఆ భయాన్ని నేను పక్కన పెట్టేశాను.

పక్కన పెట్టలేనిది వేరే ఉంది. 2007లోనే కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి ఒక అధ్యయనం వేసింది. 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మకంగా ఉండాల్సినవాళ్ళు. ఎక్కువగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ఇదంతా ఇంటికే వదిలేస్తే, కొన్ని ఇళ్ళల్లో తాళం దొంగ చేతికే ఇచ్చినట్టు. పోనీ బడికే వదిలేద్దామా? 2014 జూలైలో ఇదే తూర్పు బెంగళూరులో ఒక బళ్ళోనే ఆరేళ్ళ పాప మీద జరిగిన ఘోరానికి తల్లిదండ్రులు రోడ్డెక్కారు. ఇంట్లో జరిగింది బళ్ళో చెప్పుకోగలగాలి, బళ్ళో జరిగింది ఇంట్లో చెప్పుకోగలగాలి. రెండు చోట్లా చెవులుండాలంటే, రెండు చోట్లా ఆ మాటలు ముందే వినిపించి ఉండాలి.

ఇంట్లో మనం చేసే ఒక పాడు పని కూడా చెప్పాలి. బళ్ళో గుడ్ టచ్, బ్యాడ్ టచ్ పాఠంలో "నచ్చకపోతే నో అను" అని నేర్పుతారు. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళి పిల్ల నో అంటే, "తప్పమ్మా, తాతయ్య కదా, ముద్దివ్వు, ఒళ్ళో కూర్చో" అని తోసేది మనమే. ఒకసారి మా అత్తయ్య ముందు నేనూ తోశాను.

చట్టం ముచ్చట మాత్రం ఇంటి వల్ల కాదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పద్దెనిమిది నిండని పిల్ల తనకిష్టమే అని చెప్పినా ఆ ఇష్టం లెక్కలోకి రాదు. పదిహేడేళ్ళ పిల్లతో ప్రేమ అన్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఇది తెలియాలి. జరిగింది తెలిసి కూడా ఫిర్యాదు చేయకపోవడం నేరమే. సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది దాకా జైలు. చెన్నైలో మొదలైన ఒక కేసులో 2024 సెప్టెంబరు 23న సుప్రీం కోర్టు, పిల్లల అశ్లీల వీడియోలు తీసేయకుండా, ఫిర్యాదు చేయకుండా ఫోన్లో ఉంచుకోవడం కూడా నేరం కిందికి రావచ్చంది. అదే తీర్పులో లైంగిక విద్య గురించి ఆలోచించమని ప్రభుత్వానికి చెప్పింది. తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపుల్లో ఏం తిరుగుతుందో తెలిసిన ఏ తల్లికైనా దీనికి గుండె జారుతుంది. ఇది నేను చెబితే మావాడికి అమ్మ గొణుగుడు. బళ్ళో వకీలో పోలీసావిడో చెబితే పరీక్షకి వచ్చే ప్రశ్న.

మగపిల్లల విషయంలో నాకు అసలు అనుమానమే లేదు, బడే. మావారి తరానికి ఈ పాఠం చెప్పింది రైలు పట్టాల పక్క గోడలు: నరాల బలహీనత, సుఖవ్యాధులు, లాడ్జి పేరు, రూము నంబరు. నిద్రలో పక్క తడిస్తే ప్రాణం పోతుందని ఆయన ఇంటర్ రోజుల్లో నెలల తరబడి భయపడ్డారట. పెళ్ళయిన పదేళ్ళకి నాతో చెప్పారు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను బడికే వేస్తాను. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి కదిరి నుంచి వచ్చింది. పొద్దున ఆరింటికి ఇల్లు వదిలితే రాత్రి ఎనిమిదికి చేరుతుంది. వాళ్ళమ్మాయి గవర్నమెంటు బళ్ళో ఏడో తరగతి. ఆ పిల్లకి ఎవరు చెప్పాలి? ఇంగ్లీషు మాటలు, డాక్టరు స్నేహితులు, ఖాళీ ఆదివారాలు ఉన్న నా ఇంటిని కొలమానంగా పెట్టుకుంటే లెక్క తప్పుతుంది. 2025 మార్చిలో కర్ణాటక విద్యాశాఖ మంత్రి మధు బంగారప్ప ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా డాక్టర్లతో వారానికి రెండుసార్లు ఈ పాఠాలు చెప్పిస్తామన్నారు. మంచిదే, కానీ ఎనిమిది కాదు, ఐదు నుంచి కావాలి.

ఆ కాగితం సంచి తర్వాత బడికి మెయిల్ పెట్టాను, మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టమని. "పేరెంట్స్ ఒప్పుకోరు మేడమ్" అని జవాబు. పదకొండు మందిమి సంతకాలు పెట్టి పంపాం. ఒంగోలు వదిన కూడా పెట్టింది. "నా కొడుకు పేరు రాయి, కూతురి పేరొద్దు" అంది. ఏమనాలో తెలియక అలాగే రాశాను.

జనవరిలో ఒక డాక్టరు వచ్చారు. అందరికీ కలిపి కాసేపు, తర్వాత విడివిడిగా. పేరు రాయకుండా ప్రశ్న చీటీ మీద రాసి డబ్బాలో వేయమన్నారట. ఎన్ని చీటీలొచ్చాయో, అందులో మావాడిది ఏదో మేం అడగలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పాప ముందే లేచి వెళ్ళిపోయింది. మావాడు పెరుగన్నం కెలుకుతూ, తల ఎత్తకుండా, "నాన్నా, నీకు కూడా నా వయసులో రాత్రుళ్ళు అలా అయ్యేదా?" అన్నాడు. మావారు నాకేసి చూశారు. తర్వాత టీవీ కట్టేశారు. "అయ్యేది రా," అన్నారు, కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంటూ.

నేను ఆరేసిన బట్టలు తెస్తానని బాల్కనీలోకి వెళ్ళాను. అక్కడ తీయాల్సిన బట్టలేమీ లేవు.