ఏటికొప్పాక లక్కపిడతలు: రంగు కన్నా ముందు మూత చూడండి

కుంకుమ బరిణె మూత పెట్టి మెల్లగా తిప్పండి. ఎక్కడా పట్టేయకుండా, వదులుగా ఊగకుండా తిరిగిందంటే కర్ర బాగా ఆరాకే లేత్ (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) ఎక్కించారన్నమాట. పచ్చికర్రతో చేసిన బరిణె కొత్తలో బాగానే ఉంటుంది. ఆరేకొద్దీ గుండ్రం కాస్తా కోలగా మారి మూత బిగుసుకుంటుంది, అంచు దగ్గర సన్నగా బీట పడుతుంది.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న చెరకు పల్లె ఏటికొప్పాకకు పేరు తెచ్చింది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, సన్నటి పోగుతో ఉండే ఈ కర్ర ఉలికి పెచ్చులూడకుండా లొంగుతుంది. లేత్ మీద తిరిగే పని కనుక గిన్నె, రోలు, తిరగలి, బొంగరం అన్నీ గుండ్రటి రూపాలే.

రంగును కుంచెతో పూయరు. రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకు అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆపైన మొగలాకుతో రుద్దితే అద్దంలాంటి నునుపు వస్తుంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ, మొదటి రెండూ కలిపితే ఆకుపచ్చ. సహజ రంగులను మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ దక్కింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) 2017లోనే వచ్చింది.

సహజ రంగు కాస్త మట్టిగా, లోతుగా ఉంటుంది. కళ్లు చెదిరే గులాబీ, మెరుపు పచ్చ కనిపిస్తే రసాయన రంగేమోనని అడగండి. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు, ఇక్కడ మొహమాటం వద్దు. నాలుగు డబ్బులు ఎక్కువైనా సహజ రంగువే కొనాలి.

వాడకంలో ఎక్కువ మంది చేసే తప్పు శానిటైజర్‌తో తుడవడం. అందులోని స్పిరిట్‌కు లక్క కరుగుతుంది, రంగంతా గుడ్డకు అంటుకుంటుంది. సబ్బునీళ్లలో నానబెట్టినా పొర మెరుపు పోయి తెల్లబారుతుంది. పొడిగుడ్డ, ఒక చుక్క కొబ్బరినూనె చాలు. ఎండలో, కారు అద్దం దగ్గర వదిలేస్తే లక్క మెత్తబడి బొమ్మలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

వంటసామాన్ల బొమ్మల సెట్టులో బలహీనమైనది గరిటె. సన్నటి కాడ పోగు వెంట విరుగుతుంది. గరిటెలు, చిన్న మూతలు గొంతులో ఇరుక్కునే సైజువి, మూడేళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దు. వాళ్లకు పెద్ద బొంగరమో, తోపుడు బండో మేలు.